తెర నిండింది, బొమ్మ తగ్గింది

వెడల్పుగా తీసిన దృశ్యాన్ని పాతకాలపు టీవీ తెర మీద చూపించడానికి మూడే దారులు ఉండేవి. బొమ్మంతా పట్టేలా చిన్నది చేసి, పైనా కిందా నల్ల పట్టీలు వదిలేయడం ఒకటి. వెడల్పును నొక్కిపెట్టి మనుషులను సన్నగా, పొడుగ్గా చూపించడం రెండోది. బొమ్మ ఎత్తును తెర ఎత్తుకు సరిపెట్టి, పక్కలకు మిగిలినదాన్ని కోసి పారేయడం మూడోది. క్యాసెట్లు, సీడీలు ఇళ్లను ఏలిన రోజుల్లో ఎక్కువగా నడిచింది ఈ మూడో దారే. వ్యాపారంలో దానికి ‘ఫుల్ స్క్రీన్’ అని పేరు పెట్టారు. ఆ పేరులోని నిండుదనం తెరది, బొమ్మది కాదు.

ఆ టీవీ తెర చదరానికి దగ్గరగా ఉండటానికి మూలం పాత సినిమాలోనే ఉంది. 1890లలో ఎడిసన్ ప్రయోగశాలలో విలియం డిక్సన్ 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద ఒక్కో బొమ్మకు నాలుగు రంధ్రాల ఎత్తు కేటాయించాడు. అలా వచ్చిన కొలత 4:3. ఎత్తు మూడు మూరలైతే వెడల్పు నాలుగు మూరలన్నమాట. మూకీలు ఆ కొలతలోనే వచ్చాయి, టాకీలు కాస్త తేడాతో దాన్నే పట్టుకున్నాయి, టీవీ తయారుచేసినవాళ్లూ దాన్నే తీసుకున్నారు. అమెరికాలో టీవీ ఇంటింటికీ చేరి సినిమాహాళ్లు వెలవెలబోయాక, ఇంట్లో దొరకనిదేదో చూపించాలని హాలీవుడ్ తెరను పక్కలకు సాగదీసింది. 1953లో ‘ది రోబ్’తో సినిమాస్కోప్ వచ్చింది. కొద్ది ఏళ్లలో దాని వెడల్పు ఎత్తుకు 2.35 రెట్ల దగ్గర స్థిరపడింది. టీవీని ఓడించడానికి వెడల్పైన సినిమా, కొన్నాళ్లకు అదే టీవీలోకి దిగాల్సి వచ్చేసరికి చిక్కు మొదలైంది.

తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 1974 మే 1న విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’. కృష్ణకు అది నూరో సినిమా, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామిది. చింతపల్లి అడవుల్లో తీసిన ఆ కథకు వెడల్పు ఆర్భాటం కోసం పెట్టుకున్నది కాదు. కొండల బారునూ మన్యం జనాన్నీ ఒకే చూపులో పట్టాలంటే అంత తెర కావాలి. పన్నెండేళ్ల తర్వాత కృష్ణే ‘సింహాసనం’తో తెలుగుకు 70 ఎం.ఎం. కూడా తెచ్చారు. క్రమంగా స్కోప్ తెలుగు సినిమాకు మామూలు కొలత అయిపోయింది.

ఆ వెడల్పు సినిమాను టీవీలో చూసినవాళ్లలో గల్ఫ్‌కు వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. ‘అల్లూరి’ వచ్చిన 1974లోనే ఖతార్ టీవీకి రంగులొచ్చాయి. అది 1970లో మొదలైన సంస్థ. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణాలు ఊపందుకున్నాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి మనుషులు దుబాయి, మస్కట్, కువైట్, దోహా దారి పట్టారు. దోహాలో భారతీయ సినిమాలకు హాళ్లు లేకపోలేదు. సి రింగ్ రోడ్డు మీది గల్ఫ్ సినిమా ఎంత పేరున్నదంటే, పక్కనున్న కూడలిని జనం దాని పేరుతోనే పిలిచేవారు. కానీ వారానికి ఒక్క శుక్రవారం సెలవుతో, నెల జీతంలో ఎక్కువ భాగం ఇంటికి పంపే మనిషికి సినిమా అంటే గదిలోని క్యాసెట్టే. అల్ మన్సూర్, థామ్సన్ వంటి దుబాయి సంస్థలు భారతీయ సినిమాల క్యాసెట్లను గల్ఫ్ ప్రాంతానికి అందించేవి.

గల్ఫ్ దుకాణాల్లో అమ్మే టీవీలకూ వీసీఆర్‌లకూ ఒక ప్రత్యేకత ఉండేది. అవి ‘మల్టీ సిస్టమ్’ యంత్రాలు. రంగుల ప్రసారంలో ఖతార్‌ది పాల్ పద్ధతి, పక్కనున్న సౌదీ అరేబియాది అప్పట్లో సెకామ్, ఫిలిప్పీన్స్ కార్మికులు తమ దేశం నుంచి తెచ్చుకునే క్యాసెట్లు ఎన్.టి.ఎస్.సి. ఈ మూడింటినీ ఒకే డెక్కు ఆడించాలి. భారతదేశానిదీ పాల్ పద్ధతే కాబట్టి దోహాలో కొన్న క్యాసెట్టు జగిత్యాలలోనూ రాజంపేటలోనూ ఆడేది. సెలవు మీద వెళ్లే మనిషి అట్టపెట్టెకు తాళ్లు కట్టి తీసుకెళ్లిన డెక్కు, ఆ సాయంత్రమే వాడకట్టు మొత్తానికి సినిమాహాలయ్యేది. రంగుల లెక్కలో మూడు దేశాల పద్ధతులను సర్దుకోగలిగిన ఈ యంత్రాలు తెర ఆకారం విషయంలో మాత్రం ఏమీ చేయలేకపోయాయి. మూడు పద్ధతుల్లోనూ తెర 4:3 మరి.

నల్ల పట్టీలు వదిలితే పోయేదేముందన్న ప్రశ్నకు సమాధానం కొలతల్లో దొరుకుతుంది. గదిలో 21 అంగుళాల టీవీ ఉందనుకుంటే దాని తెర వెడల్పు దాదాపు 17 అంగుళాలు, ఎత్తు 12న్నర. స్కోప్ సినిమాను మొత్తంగా అందులో పట్టిస్తే బొమ్మ ఎత్తు ఏడంగుళాల చిల్లర. అంటే జానెడు కూడా లేదు. ఎదురుగా రెండంతస్తుల మంచాల మీద ఎనిమిది మంది కూర్చుని చూస్తుంటే, చివరి మనిషికి కథానాయిక ముఖం చింతగింజంత. పైగా వీహెచ్ఎస్ క్యాసెట్టులో వివరం అంతంతమాత్రం. పాల్ టీవీలో కనిపించే 576 గీతల్లో సినిమాకు దక్కేది 326, మిగిలినవన్నీ నలుపుకే. కత్తిరించినవాళ్ల పక్షాన ఈ మాత్రం వాదన ఉంది, దాన్ని తీసిపారేయలేం.

కత్తిరిస్తే పోయేదీ తక్కువేం కాదు. 2.35 వెడల్పులో 1.33 మిగులుతుంది, అంటే నూటికి 57 పాళ్లు. తక్కిన 43 పాళ్లు క్యాసెట్టులోకి ఎక్కనే ఎక్కవు. పాత గాజు టీవీలకు అంచుల్లో కొంత బొమ్మను చట్రం వెనక దాచే అలవాటు కూడా ఉండేది కాబట్టి, గదిలో కూర్చున్నవాళ్లకు అందింది ఆ 57 కన్నా తక్కువే.

కోత జరిగేది టెలిసినీ యంత్రం దగ్గర. ఫిల్మును వీడియోగా మార్చే ఆ యంత్రం ముందు కూర్చున్న మనిషి ప్రతి షాటుకూ ఒక నిర్ణయం చేయాలి: ఈ వెడల్పులో ఏ ముక్క ఉంచాలి? ఎడమన మాట్లాడే మనిషి మీద పెట్టి, కుడివైపు మనిషి జవాబివ్వగానే ఇటు జరపాలి. ఈ పనిని ‘పాన్ అండ్ స్కాన్’ అంటారు. శ్రద్ధగా చేసినప్పుడు కూడా దానివల్ల కొత్త సినిమా పుడుతుంది. దర్శకుడు కదలకుండా నిలిపిన కెమెరా కదులుతుంది. ఒక్క షాటుగా తీసినది మధ్యలో తెగి రెండు షాట్లవుతుంది. నట్టింట్లో తండ్రి, గడప దగ్గర కొడుకు, వాళ్ల మధ్య ఖాళీగా ఉన్న అంత దూరం – ఆ దూరమే సన్నివేశం అనుకుని తీసినవాడి ఉద్దేశం టెలిసినీ గదిలో ఆవిరైపోతుంది. ముందు తండ్రి ముఖం, తర్వాత కొడుకు ముఖం. మధ్యలో ఇల్లు ఉండదు.

శ్రద్ధ లేనప్పుడు సంగతి మరీ సులువు. యంత్రాన్ని నడిమధ్యకు బిగించి సినిమా మొత్తం వదిలేయడమే. అప్పుడు సంభాషణ ఇద్దరి మధ్య ఉన్న పూలకుండీతో నడుస్తుంది. అటో ముక్కు, ఇటో భుజం. పాటల్లో నష్టం ఇంకా ఎక్కువ. తెలుగు సినిమా పాటలో నాయికానాయకుల వెనక బారులు తీరిన బృందం వెడల్పు కోసమే ఉంటుంది. కోత తర్వాత ఆ బారులో ఇటు ఇద్దరు, అటు ఇద్దరు మిగులుతారు. తక్కినవాళ్ల చేతులు మాత్రం లయ ప్రకారం అంచుల్లోంచి లోపలికి వచ్చి పోతుంటాయి.

పేర్లు పడే చోట మాత్రం సాధారణంగా కోసేవారు కాదు. నటీనటుల పేర్లు తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంటాయి, కోస్తే సగం పేర్లే మిగులుతాయి. అందుకని ఆ రెండు మూడు నిమిషాలు బొమ్మను నొక్కిపెట్టో నల్ల పట్టీలతోనో చూపించేవారు. నొక్కిపెట్టడం తేలిక కూడా. స్కోప్ కెమెరా కటకం దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కే ఫిల్ము మీద ముద్రిస్తుంది, హాల్లో ప్రొజెక్టరు కటకం దాన్ని తిరిగి విప్పుతుంది. విప్పకుండా వదిలేస్తే సరి, గోపురాలూ మనుషులూ గడకర్రల్లా సాగిపోతారు, అక్షరాలన్నీ భద్రం. ‘దర్శకత్వం’ అన్న కార్డు దాటగానే బొమ్మ ఒక్కసారిగా ఉబ్బి తెరను నింపేది. గల్ఫ్ క్యాసెట్ల మీద తరచూ కనిపించే అరబ్బీ అనువాదపు వరసలకూ ఇదే అదృష్టం. అవి కోత అయిపోయాక వేసేవి కాబట్టి ఎప్పుడూ తెర లోపలే నిండుగా ఉండేవి. అక్షరానికి దొరికిన రక్షణ ముఖానికి దొరకలేదు.

గల్ఫ్‌లో సినిమా చూసేవాళ్లకు కత్తెర కొత్త కాదు. సెన్సారు కోసిన చోట పాట మధ్యలో ఎగిరిపోతుంది, మాట సగంలో తెగుతుంది. చూసేవాడికి అక్కడేదో పోయిందని వెంటనే తెలుస్తుంది, ఒకరిద్దరు విసుక్కుంటారు కూడా. సెన్సారు కోసేది కాలాన్ని. టెలిసినీ కోసేది స్థలాన్ని. స్థలం కోస్తే మచ్చ మిగలదు. సినిమా నిడివి ఒక్క సెకను తగ్గదు, పాటలన్నీ ఉంటాయి, తెర అంచు నుంచి అంచు దాకా రంగులు నిండి ఉంటాయి. తమాషా ఏమిటంటే, ఏమీ పోని బొమ్మ నల్ల పట్టీల మధ్య ఇరుక్కుని కోసినట్టు కనిపిస్తుంది, సగం పోయిన బొమ్మ నిండుగా కనిపిస్తుంది. ‘సినిమా సగమే వస్తోంది’ అన్న ఫిర్యాదు లోకమంతటా నల్ల పట్టీల మీదే వచ్చింది. కోత మీద ప్రేక్షకుల ఫిర్యాదు తక్కువ, ఎందుకంటే పోయినదాన్ని వాళ్లు చూసి ఉంటేగా!

ఫిర్యాదు చేసినవాళ్లు దర్శకులు. వుడీ అలెన్ తన ‘మన్‌హటన్’ క్యాసెట్టును పూర్తి వెడల్పుతోనే తేవాలని పట్టుబట్టాడు. ఆ క్యాసెట్టులో పైనా కిందా పట్టీలు నల్లగా కాక బూడిదరంగులో ఉండేవి. సిడ్నీ పోలాక్ తన ‘త్రీ డేస్ ఆఫ్ ది కాండార్’ను పక్కలు కోసి ప్రసారం చేసినందుకు డెన్మార్క్ ప్రభుత్వ టీవీని కోర్టుకు లాగాడు. అమెరికాలో 1984లో మొదలైన క్రైటీరియన్ సంస్థ లేజర్ డిస్కుల మీద పూర్తి బొమ్మను అందించడం ఒక పంతంగా పెట్టుకుంది. తెలుగు క్యాసెట్టుకు అలాంటి కొట్లాట జరిగిన దాఖలా కనపడదు. వీడియో హక్కులంటే పైరసీకి ముందే నాలుగు డబ్బులు రాబట్టుకునే చివరి వ్యాపారం, దాని ఆకారం గురించి ఎవరు పట్టించుకుంటారు?

క్యాసెట్టు తర్వాత వచ్చిన వీసీడీ ఈ విషయంలో మెరుగు కాదు, ఒక అడుగు వెనక్కే. ఒక్కో డిస్కులో 74 నిమిషాలు పడుతుంది కాబట్టి రెండున్నర గంటలు దాటిన తెలుగు సినిమాకు మూడు డిస్కులు కావాల్సి వచ్చేది. పాల్ వీసీడీలో బొమ్మ అంతా కలిపి 352 చుక్కల వెడల్పు, 288 గీతల ఎత్తు. అందులో స్కోప్‌ను మొత్తంగా పట్టిస్తే సినిమాకు 163 గీతలు మిగులుతాయి. వైడ్ స్క్రీన్ అన్న ఏర్పాటే ఆ డిస్కులో లేదు. మోసర్ బేయర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు అమ్మిన రోజుల్లో కొన్నవాళ్లు గీతలు లెక్కపెట్టలేదు.

డీవీడీకి మాత్రం మొదటి నుంచీ రెండు ఆకారాలూ తెలుసు. 16:9 బొమ్మను నొక్కి దాచి, వెడల్పు టీవీ దొరికితే విప్పి చూపించగలదు. ప్లేయరు మెనూలో ‘4:3 పాన్ స్కాన్’, ‘4:3 లెటర్ బాక్స్’, ‘16:9’ అని మూడు మాటలు కనిపించేది అందుకే. చాలా ఇళ్లలో ఆ మెనూను ఎవరూ తెరిచి ఉండరు. తెలుగు డీవీడీల్లో బొమ్మను నొక్కి దాచకుండా నల్ల పట్టీలతో సహా 4:3లో ముద్రించినవి బోలెడు. పాత టీవీలో అవి బాగానే ఉండేవి. కొత్తగా కొన్న ఎల్‌సీడీ టీవీలో పెడితే పైనా కిందా పట్టీలు, కుడీ ఎడమా పట్టీలు, నడిమధ్య కిటికీలోంచి తొంగిచూస్తున్నట్టు సినిమా.

ఆ కొత్త టీవీ కొలత 16:9 ఎక్కడిదో కూడా చెప్పుకోవాలి. 1980లలో కెర్న్స్ పవర్స్ అనే అమెరికన్ ఇంజనీరు అప్పటికి వాడుకలో ఉన్న తెర ఆకారాలన్నిటినీ ఒకే వైశాల్యంతో గీసి, ఒకదాని మీద ఒకటి పేర్చాడు. అన్నిటినీ చుట్టుకునే బయటి దీర్ఘచతురస్రం, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లోపలి దీర్ఘచతురస్రం రెండూ దాదాపు 1.78 దగ్గరే తేలాయి. అదే 16:9. ఏ సినిమాకూ సొంతం కాని కొలత. ఏ సినిమా వేసినా ఎంతో కొంత నలుపో ఎంతో కొంత కోతో తప్పదు, కాకపోతే ఎవరికీ మరీ ఎక్కువ కాదు.

సినిమాల సమస్య ఇక్కడ టీవీ ధారావాహికలకూ అంటుకుంది. 1990ల చివరి నుంచి ఓ పదేళ్లపాటు కెమెరాలు వెడల్పైపోయాయి, ఇళ్లలోని టీవీలు ఇంకా చదరంగానే ఉన్నాయి. వెడల్పుగా తీసిన ధారావాహికను 4:3కి కోస్తే నాలుగో వంతు వెడల్పు పోతుంది. అది తెలిసిన ఛాయాగ్రాహకులు వ్యూఫైండరులో 4:3 గీతలు పెట్టుకుని ముఖ్యమైనదంతా ఆ గీతల లోపలే ఉంచారు. పక్కలకు గోడలు, కుర్చీలు, కర్టెన్లు. ఆ కాలపు కార్యక్రమాలను ఇప్పుడు పూర్తి వెడల్పుతో చూస్తే అందరూ ఎందుకో మధ్యలో గుమిగూడినట్టు అనిపించడానికి కారణం అదే. వార్తల ఛానళ్ల అక్షరాలకూ ఆటల స్కోరు పెట్టెకూ అదే నియమం. 2006 నవంబరు 15న అల్ జజీరా ఇంగ్లిష్ దోహా నుంచి మొదలయ్యే నాటికి, ఆ మరుసటి నెలలో అక్కడ ఆసియా క్రీడలు జరిగే నాటికి, ప్రపంచంలో ఏ ప్రసార సంస్థ అయినా రెండు ఆకారాల టీవీలనూ మనసులో పెట్టుకోక తప్పని స్థితి.

కొన్నిసార్లు ఒకే ధారావాహిక రెండు దేశాల్లో రెండు ఆకారాల్లో అమ్ముడుపోయింది. ‘బఫీ ది వాంపైర్ స్లేయర్’ నాలుగో సీజను నుంచి బ్రిటన్ డీవీడీల్లో వెడల్పుగా, అమెరికా డీవీడీల్లో 4:3గా వచ్చింది. వెడల్పు డిస్కే అసలైందని ఎగబడి కొన్న అభిమానులకు, సృష్టికర్త జాస్ వీడన్ తాను తీసింది 4:3 కోసమేనని చెప్పడం మింగుడుపడలేదు. కాబట్టి వెడల్పైనదల్లా అసలు, ఇరుకైనదల్లా కోత అనుకోవడానికి లేదు. తీసినవాడు ఏ చట్రంలో చూసి ‘సరే’ అన్నాడో అది అసలు. ‘బాబిలాన్ 5’ కథ ఇంకా చిత్రం. నటులతో తీసిన భాగాలు వెడల్పు చట్రానికి పనికొచ్చేలా తీశారు, కంప్యూటరు గ్రాఫిక్సు మాత్రం 4:3లో చేశారు. డీవీడీ కోసం మొత్తాన్నీ వెడల్పుగా తెచ్చేసరికి అంతరిక్ష నౌకలు కనిపించినప్పుడల్లా పైనా కిందా కోసి పెద్దవి చేయాల్సి వచ్చింది, బొమ్మ మసకబారింది.

ఇళ్లన్నిటిలో వెడల్పు టీవీలు వచ్చాక కత్తెర తిరగబడింది. ఇప్పుడు నల్ల పట్టీలు పడేది పాత 4:3 బొమ్మలకు, కుడీ ఎడమా. వాటిని భరించలేక పైనా కిందా కోయడం మొదలైంది. 2019లో డిస్నీ ప్లస్‌లో ‘ది సింప్సన్స్’ పాత ఎపిసోడ్లు అలా కోసి పెడితే, తెర అంచుల్లో దాచిన జోకులు కొన్ని మాయమయ్యాయి. గోల చేశాక మరుసటి ఏడాది 4:3ను తిరిగి ఇచ్చారు. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘సైన్‌ఫెల్డ్’లో రోడ్డు మీద గొయ్యి గురించిన ఒక ఎపిసోడ్ ఉంది. కోతలో ఆ గొయ్యే పోయింది, పాత్ర దేన్నో చూస్తూ నిలబడుతుంది.

తెలుగులో దీనికి సాటి ఉదాహరణ చిన్నది కాదు. 1957 నాటి ‘మాయాబజార్’ను రంగులు అద్ది 2010 జనవరి 30న విడుదల చేసినప్పుడు, దాన్ని సినిమాస్కోప్ ఆకారంలోకి కూడా మార్చారు. 1.37 నిష్పత్తి బొమ్మను ఉన్నదున్నట్టు 2.35లోకి కోస్తే ఎత్తులో నూటికి నలభై పాళ్లకు పైగా తగ్గుతుంది. మార్కస్ బార్‌ట్లే కెమెరా ఆ సినిమాను ఎత్తున్న చట్రానికి అమర్చింది. రంగుల మీద ఎంతో చర్చ జరిగింది. ఆకారం మీద చర్చ దాదాపు లేదు.

ఇప్పుడు దోహా పారిశ్రామిక వాడలోని గదుల్లో టీవీ ఉన్నా లేకున్నా ప్రతి మంచం మీదా ఫోను ఉంటుంది. ఈ కాలపు ఫోన్లు చాలావాటి తెర 20:9. అడ్డంగా తిప్పి పట్టుకుంటే వెడల్పు ఎత్తుకు 2.22 రెట్లు. 21 అంగుళాల టీవీలో ఇమడని స్కోప్ సినిమా ఇందులో సన్నటి రెండు గీతలు తప్ప మొత్తం పడుతుంది. ఇందులో ఇబ్బంది పడేది రోజువారీ సీరియలు. 16:9 బొమ్మకు కుడీ ఎడమా నలుపు మిగులుతుంది. నిలువుగా పట్టుకుని చూసే చిన్న ముక్కల సంగతి మరీ ఘోరం. 16:9ను కోసి 9:16 చేస్తే వెడల్పులో మూడో వంతు కూడా మిగలదు. ఏ ముక్క ఉంచాలో ఇప్పుడు ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేరు తేలుస్తుంది. ఒకప్పటి టెలిసినీ మనిషి పని అదే.

అడ్డంగా పట్టుకున్నప్పుడు ఆ పని చూసేవాడిదే. రెండు వేళ్లు తెర మీద పెట్టి విడదీస్తే నలుపు పోతుంది. బొమ్మ తెర నిండా పరుచుకుంటుంది, పైనా కిందా కలిపి ఐదో వంతు బయటికి పోతుంది. నుదుటి బొట్టు పై అంచుకు తగిలితే వేళ్లు మళ్లీ దగ్గరికి వస్తాయి, లేకపోతే సీరియలు అలాగే సాగిపోతుంది.